చిట్టి సైనికుల వర్ణములు: విజయనగర, తిలంగ వేషములపై ఒక విమర్శ

బొమ్మకు రంగు వేయుట బాలక్రీడయని తలచువారు పెక్కురు కలరు. కాని ఒక కాలమునకు, ఒక దేశమునకు, ఒక సేనకు చెందిన సైనికుడని పేరు పెట్టి రంగు వేసినప్పుడు, ఆ బొమ్మ అంగుళము ఎత్తుదే యైనను, ఆ పని చరిత్రకథనము కూడ అగుచున్నది. పీఠముపై “కృష్ణదేవరాయల కాల్బంటు” అని వ్రాసి, ఆ బంటునకు కాషాయపు అంగీ తొడిగినచో, ఆనాటి కాల్బంట్లు కాషాయము ధరించిరని చెప్పినట్లే. చెప్పిన మాటకు ఆధారమేది యని అడుగుట విమర్శకుని ధర్మము. ఈ చిన్న కళను ఆ ధర్మమునకు వెలిగా ఉంచుట తగదని నా అభిప్రాయము. ఏలయన, ఒక పరిశోధన గ్రంథమును చదువువారికంటె ఒక బొమ్మను చూచువారు ఎప్పుడును ఎక్కువే. చదివిన మాట మరచిపోవచ్చును గాని, బాల్యమున చూచిన రంగు కంటిలో నిలిచిపోవును.

ముందుగా ఈ కళ యొక్క పూర్వరంగమును సంగ్రహముగా చెప్పెదను. రథ గజ తురగ పదాతులను పలకపై నిలిపి యుద్ధమాడుట మనకు క్రొత్త గాదు. చతురంగమను పేరే అందుకు సాక్షి. ఐరోపాలో 1812 ప్రాంతమున రైస్‌విట్జ్ అను ప్రషియా దేశీయుడు సైనికశిక్షణకై ఒక యుద్ధక్రీడను కల్పించెను. దానిని అతని కుమారుడు 1824లో సంస్కరించి ప్రకటించెను. అందు సేనలకు బదులుగా చిన్న దిమ్మలు. ఒక పక్షమునకు ఎరుపు, మరియొక పక్షమునకు నీలము. 1893లో విలియం బ్రిటన్ సంస్థ బోలుగా పోతపోసిన సీసపు సిపాయి బొమ్మలను లండనులో విక్రయింప నారంభించెను. 1913లో హెచ్. జి. వెల్స్ అట్టి బొమ్మలతో ఆడు యుద్ధక్రీడకు నియమములు కూర్చి ఒక గ్రంథము వ్రాసెను. తరువాత ఈ క్రీడ ఐరోపా, అమెరికా ఖండములందు పెద్దల విద్యగా వ్యాపించినది. నేడు 15, 28, 54 మిల్లీమీటరుల కొలతలలో లోహపు బొమ్మలును ప్లాస్టిక్కు బొమ్మలును లభించుచున్నవి. యంత్రముపై త్రిమితీయముగా ముద్రించి ఇంటనే బొమ్మలను సిద్ధపరచుకొనువారును కలరు. కావున విజయనగరపు సేనయైనను, కుంఫిణీ సిపాయి దళమైనను బల్లమీద నిలుచుట నేడు కష్టము గాదు. కష్టమంతయు రంగునందే కలదు.

ఇట్టి బొమ్మలయందు రంగు మూడు విధములుగా పనిచేయును. మొదటిది సంకేతము: రైస్‌విట్జ్ దిమ్మలవలె, ఎవరు ఏ పక్షమువారో తెలుపుట మాత్రమే దాని ప్రయోజనము. రెండవది రూఢి: తోలుబొమ్మలాటలో రాముడు నీలవర్ణుడైనట్లు, సంప్రదాయము నిర్ణయించిన రంగు. మూడవది సాక్ష్యము: ఆ కాలమున ఆ మనుష్యులు ఇట్టి గుడ్డ కట్టిరని చెప్పు రంగు. ఈ మూడింటిలో ఏదియు దోషము గాదు. సంకేతమును సాక్ష్యమని చెప్పుటయు, రూఢిని చరిత్రయని నమ్మించుటయు దోషములు. చారిత్రక యుద్ధక్రీడ తనకు తానే చారిత్రకమని పేరు పెట్టుకొన్నది గనుక, దానిని మూడవ కొలతతోనే కొలువవలెను.

ఈ పనిని నేను తాళపత్ర పరిష్కరణముతో పోల్చుదును. పరిష్కర్త యెదుట నాలుగు ప్రతులుండును. ఒకటి ప్రాచీనము గాని శిథిలము. ఒకటి సమగ్రము గాని అర్వాచీనము. ఒకదానిలో లేఖకుని దిద్దుబాట్లు. ఒకటి పరదేశి వ్రాసికొన్న నకలు. అతడు వానిని తూచి పాఠమును నిర్ణయించును. లోపించిన చోట ఊహించి పూరించి, ఇది ఊహయని తెలుపును. బొమ్మకు రంగు వేయువాడును అట్టి పరిష్కర్తయే. అతని ప్రతులు శిలలు, కుడ్యచిత్రములు, యాత్రికుల వ్రాతలు, మిగిలియున్న వస్త్రములు.

ఐరోపీయ రంగుల సూచికలు ఎట్లు పుట్టినవో గమనించిన గాని, అవి మన సేనలకు ఎంతవరకు వర్తించునో తెలియదు. ఐరోపాలో 17వ శతాబ్దమునుండి ప్రభుత్వమో, దళాధిపతియో సైనికులందరికి ఒకే తానునుండి కోటు కుట్టించి యిచ్చు పద్ధతి స్థిరపడెను. ఇంగ్లండున 1645లో ఏర్పడిన నూతన సేన ఎఱ్ఱకోటు ధరించెను. అటు తరువాత కోటు రంగు రాజ్యమును, కాలరు చేతిమడతల రంగు దళమును తెలుపునవి యయ్యెను. ఇట్టి సేనకు పట్టిక వ్రాయుట సాధ్యము: ఫలాని దళము, ఫలాని సంవత్సరము, కోటు ఎరుపు, మడత పసుపు, గుండీలు తెలుపు. రంగువాడు పట్టిక చూచి కుంచె ముంచును. ఈ పట్టికకు మూలము ఒక్కటే: గుడ్డ ఒక్కచోటినుండి వచ్చుట. గుడ్డ పెక్కుచోట్లనుండి వచ్చిన సేనకు అట్టి పట్టిక వ్రాయుట, లేని గ్రంథమునకు సూచిక కూర్చుటవంటిది.

విజయనగర సేన అట్టి సేన. రాయలు అమరనాయకులకు సీమలనిచ్చిరి. ఆ నాయకులు సీమల రాబడితో నియతసంఖ్యగల బలమును పోషించి, పిలిచినప్పుడు తెచ్చిరి. బంటునకు జీతమిచ్చువాడు నాయకుడు. గుడ్డ యిచ్చువాడు నాయకుడో, బంటు తానేయో. కావున విజయనగరపు కాల్బలమంతయు ఒకే రంగున నూరు బొమ్మలుగా బారు తీరినచో, రంగు ఎంత చక్కగా వేసినను, అది పదునారవ శతాబ్దపు సేన గాదు. పదునెనిమిదవ శతాబ్దపు ఐరోపా సేనకు మన తలపాగ చుట్టినదే యగును.

ఇక సాక్షులను విచారింతము. హంపిలో హజార రామాలయపు ప్రాకారముపై వెలుపలివైపున ఏనుగులు, గుఱ్ఱములు, వానిని నడిపించు బంట్లు, ఆయుధపాణులు, నర్తకీమణులు వరుసలు వరుసలుగా చెక్కబడియున్నారు. ఇది 15వ శతాబ్దపు పని. మహానవమి దిబ్బ పార్శ్వములందును అట్టి శిల్పములే కలవు. బంటు నిలుకడ, కత్తి వంపు, డాలు పరిమాణము, గుఱ్ఱపు జీను, నడుము గుడ్డ కట్టిన తీరు ఈ రాళ్లు చెప్పినంత స్పష్టముగా మరి యేదియు చెప్పజాలదు. కాని రాయి రంగు చెప్పదు. రాయల వరాహ లాంఛనమును గూర్చియు ఇట్లే. వరాహము, కత్తి, సూర్యచంద్రులు శిలలయందు స్పష్టముగా నున్నవి. అవి నిలిచిన పతాకపు గుడ్డ రంగు రాతివలన తెలియదు. ఈ సాక్షి ఆకారమునకు ఉత్తమ ప్రమాణము, వర్ణమునకు ప్రమాణము గాదు.

వర్ణమునకు లేపాక్షికి పోవలెను. అచ్యుతదేవరాయల కాలమున విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన వీరభద్రాలయపు మండపముల కప్పులయందు కిరాతార్జునీయము, పార్వతీకల్యాణము, ద్రౌపదీ స్వయంవరము మొదలగు చిత్రములు కలవు. దాతలును వారి పరివారమును పొడవైన కుల్లాయిలు ధరించి దేవునికి మ్రొక్కుచున్న చిత్రము వేషచరిత్రకు పెన్నిధి. కావి ఎరుపు, పసుపుమన్ను, నలుపు, తెలుపు, ఆకుపచ్చ, గోధుమవన్నెలు ఇందు ప్రధానములు; నీలము దాదాపు లేదు. ఇది చూచి కొందరు విజయనగరపు బొమ్మలకు నీలము నిషిద్ధమని తలపవచ్చును. అది తొందరపాటు. చిత్రకారుని మూకుడులో నీలము లేకుండుట వేరు, జనుల ఒంటిమీద లేకుండుట వేరు. నీలిమందుతో గుడ్డ అద్దుట తెలుగుసీమలో ప్రాచీనమైన విద్య. చిరివేరు ఎరుపును నీలిని చేర్చి అద్దిన కోరమాండల్ వస్త్రములకై పరదేశ వర్తకులు మచిలీపట్టణమునకు, పెద్దపల్లి యని పేరుగల నిజాంపట్టణమునకు వచ్చిరి. గోడపై రంగు రాళ్లనుండియు మన్నునుండియు వచ్చును. గుడ్డపై రంగు వేళ్లనుండియు ఆకులనుండియు వచ్చును. రెండును వేర్వేరు శాస్త్రములు. కావున లేపాక్షి చిత్రమునుండి గ్రహింపవలసినది అద్దకపు నమూనా, అంచు తీరు, కుల్లాయి ఎత్తు, ఏ గుడ్డపై ఏ గుడ్డ కట్టిరన్న క్రమము. వన్నెను మాత్రము గుడ్డ అద్దకమును చూచి నిర్ణయింపవలెను. అదియు గాక ఆ చిత్రములలో నున్నవారు పురాణపురుషులు, ధనికులైన దాతలు, వారి పరివారము. యుద్ధమునకు నడుచు కాల్బంట్లు గారు.

మూడవ సాక్షి హంపి విరూపాక్షాలయపు రంగమండపపు కప్పు. ఆ మండపము 1510లో రాయల పట్టాభిషేక సందర్భమున కట్టబడినదని శాసనము చెప్పుచున్నది. కప్పుమీద విద్యారణ్యస్వామి పల్లకీ ఊరేగింపును, వెంట నడుచు పరివారమును కన్నుల పండువుగా చిత్రింపబడినవి. మండపము 1510 నాటిది గనుక చిత్రము కూడ 1510 నాటిదని అనుమానించుట సులభము. కాని పండితులలో దీనిని 19వ శతాబ్దపు పనియనువారు కలరు. ఇల్లు ప్రాతదైనను సున్నము క్రొత్తది కావచ్చును. ఈ చిత్రమును చూచి రంగు వేయువాడు “హంపిలో నున్నది” అను మాటతో తృప్తిపడక, ఏ శతాబ్దపు కంటితో చూచిన ఊరేగింపో అని ప్రశ్నింపవలెను. అర్వాచీన ప్రతిని ప్రాచీన ప్రతిగా గ్రహించిన పరిష్కర్త చేతిలో పాఠము ఎట్లగునో మనకు తెలియనిది కాదు.

నాల్గవ సాక్షులు యాత్రికులు. 1500 తరువాతి తొలి సంవత్సరములలో వచ్చిన ఇటలీ దేశీయుడు వర్తేమా, సామాన్యులు నడుమున గుడ్డ తప్ప మరేమియు కట్టరనియు, సంపన్నులు పొట్టి చొక్కాయి తొడిగి, తలకు వివిధవర్ణములు గల గుడ్డ తురుష్క పద్ధతిని చుట్టి, కాళ్లకేమియు లేక తిరుగుదురనియు తెలిపెను. 1520 ప్రాంతమున పోర్చుగీసు వర్తకుడు దొమింగో పాయిష్ మహానవమి పిదప జరిగిన సేనాదర్శనమును కన్నులార చూచి వ్రాసెను. రాబర్ట్ స్యూయెల్ 1900లో ప్రకటించిన గ్రంథమువలన ఆ వ్రాత మనకు సులభమైనది. రౌతుల మెత్తకవచములు జరీతోను, మకమలుతోను, పలువిధముల పట్టుతోను చేయబడినవని అతడు చెప్పెను. లోపల గట్టి పచ్చితోలు పొరలు, ఇనుపరేకులు. కొన్ని రేకులకు బంగారు పూత, కొన్ని వెండివి. డాళ్లలో కొన్నింటిపై బంగారు వెండి పువ్వులు, కొన్నింటిపై పులులు మొదలగు మృగములు, కొన్ని రంగులు వేసినవి, కొన్ని ముఖము చూచుకొనదగునట్లు మెరుగుపెట్టిన నల్లనివి. ఈ వర్ణనములో ఒక్క దళమునకు ఒక్క రంగు అన్న మాట లేదు. వైవిధ్యమే అతనిని ఆశ్చర్యపరచినది.

ఈ నలుగురు సాక్షులు కలిసి చెప్పునది ఇది. రౌతు, దొర, నాయకుని ఆంతరంగిక బలము మిక్కిలి వర్ణవైచిత్ర్యము గలవారు. సామాన్య కాల్బంటు ఎక్కువగా ఒంటి చాయతోను నూలుగుడ్డ తెలుపుతోను కనబడువాడు. బొమ్మలు వేయువాడు ఒంటి చాయపై శ్రద్ధ చూపక అంగీలపై శ్రద్ధ చూపుట సాధారణ లోపము. నూరుమంది కాల్బంట్లకు ఒకే గోధుమవన్నె పూసి ముగించుటకంటె, నాలుగైదు చామనచాయలను మార్చి మార్చి వేయుట సత్యమునకు దగ్గర. తెల్లగుడ్డ కూడ ఒకే తెలుపు గాదు: చలువగుడ్డ వేరు, గంజిలేని ముతకగుడ్డ వేరు, మా బళ్లారి సీమ ఎఱ్ఱదుమ్ములో నాలుగు దినములు నడిచిన గుడ్డ వేరు. సండూరు కొండల ఇనుపమన్ను ఎరుగనివాడు హంపి బాటపై నడిచిన బంటు పాదములకు తగిన రంగు వేయజాలడు.

ఇచట మిక్కిలి ముఖ్యమైన ఒక దోషమును ప్రస్తావింపవలసియున్నది. నేటి చిత్రములందును, అట్టలమీది బొమ్మలందును విజయనగర సేనకు కాషాయము, సుల్తానుల సేనలకు ఆకుపచ్చ పూయుట తరచు కనబడుచున్నది. ఇది ఎరుపు నీలము దిమ్మలవంటి సంకేతమైనచో ఎవరికిని ఆక్షేపణ లేదు. సాక్ష్యమని చూపినచో మాత్రము అసత్యము. రెండవ దేవరాయలు (1424–1446) ముసల్మాను రౌతులను, విలుకాండ్రను తన కొలువున చేర్చుకొనెను. ఆ రాయల సేవకుడైన అహమ్మద్ ఖాను 1439లో హంపిలో కట్టించిన మసీదు నేటికిని కలదు. దానిని శాసనము ధర్మశాలయని పేర్కొన్నది. పాయిష్ చూచిన సేనాదర్శనములో ముసల్మాను దళములును ఉండెను. రాయల కొలువున గౌరవచిహ్నములైన కుల్లాయి, కబాయి అను మాటలే పారసీక, అరబ్బీ మూలములు గలవి. శ్రీనాథుడు కర్ణాట రాజసభకు పోయి కుల్లాయి పెట్టవలసివచ్చెనని వాపోయినట్లు ప్రసిద్ధమైన చాటువు మన పాఠకులెల్లరు ఎరిగినదే. ఆవలివైపున గోలకొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షా యౌవనమున విజయనగరమున ఆశ్రయము పొంది, తరువాత తెలుగు కవులకు మల్కిభరాముడయ్యెను. అతని వంశపు సేనలో తెలుగు నాయకవాడీలు పనిచేసిరి. 1565లో తళ్లికోట యుద్ధమున ఎదురెదురుగా నిలిచిన రెండు బలములలోను మన భాష వినబడియుండును. అట్టి సేనలను మతమును బట్టి రెండు రంగులుగా విభజించుట, ఆ కాలమువారు ఎరుగని గోడను వారి నడుమ మనము కట్టుట.

సరిహద్దు సీమలో తెలుగు చెప్పువానికి మరియొక గోడయు కనబడును. రాయలు మావాడని తెలుగువారును, మావాడని కన్నడిగులును వాదించుకొందురు. 1953 అక్టోబరు 1న బళ్లారి మైసూరు రాష్ట్రమున చేరినప్పుడు ఆదవాని, ఆలూరు, రాయదుర్గము ఆంధ్రమున నిలిచినవి. అప్పటినుండి ఈ వాదము బడి గోడలమీదికిని ఎక్కినది. పిల్లలు బొమ్మలు గీచునప్పుడు రాయల పతాకమునకు తాము నేడు వీధిలో చూచు జెండా రంగులనే పూయుదురు. బాలుర విషయమున అది ముచ్చట. పెద్దలు చారిత్రక ప్రతిమలని ప్రదర్శించువానిలో మాత్రము ఇరువదవ శతాబ్దపు జెండాను పదునారవ శతాబ్దపు కొయ్యకు కట్టరాదు. ఆ నియమము రెండు భాషలవారికిని సమానము.

ఇక రెండవ ఉదాహరణము తిలంగ సిపాయి. 1757 ఆరంభమున క్లైవు చెన్నపట్టణపు సిపాయిలను వెంటబెట్టుకొని వంగదేశమున నిలిచెను. ఆ సంవత్సరమే కలకత్తాలో కూర్చిన సిపాయి దళమునకు ఎఱ్ఱకోటు వలన లాల్ పల్టన్ అను పేరు వచ్చెను. దక్షిణమునుండి వచ్చిన సిపాయిలను ఉత్తరదేశీయులు తిలంగాలనిరి. యూల్, బర్నెల్ పండితులు 1886 నాటి తమ నిఘంటువులో ఈ మాటను వివరించి, ఐరోపీయ రీతిని శిక్షణ పొంది ఆ వేషము ధరించిన సిపాయికి ఇది సామాన్యనామ మయ్యెనని చూపిరి. 1857లో ఢిల్లీ ప్రజలు అవధు సీమ సిపాయిలను కూడ తిలంగాలనియే పిలిచిరి. ఒక భాషాజాతి పేరు ఒక వేషమునకు పేరగుట అరుదైన విషయము. ఆ పేరు మనది. ఆ ఎరుపు మనది గాదు. తిలంగ బొమ్మను చూచి ఇది తెలుగువాని ప్రాచీన యుద్ధవేషమని భ్రమపడరాదు. పీఠముపై “తిలంగ” అని యున్నను, అది ఏ సీమవాని బొమ్మయో సంవత్సరమును బట్టి విచారింపవలెను.

కుంఫిణీ సేనకు గుడ్డ ఒక్కచోటినుండి వచ్చినది గనుక ఇచట పట్టిక పనికివచ్చును. ఎఱ్ఱకోటు, దళమును బట్టి మారు కాలరు చేతిమడతల రంగు, తొలి దినములలో మోకాళ్లకు పైననే నిలుచు పొట్టిలాగు, తలపాగ. కాళ్లకు చెప్పులు, లేదా ఏమియు లేకుండుట. అయినను పట్టికలోని “ఎరుపు” అను ఒక్క మాటతో పని తీరదు. ఆంగ్ల సేనయందే సామాన్య సైనికుని ఎరుపు మంజిష్ఠ జాతి వేరుతో అద్దినది, అధికారి ఎరుపు కొచినీలు అను పురుగు రంగుతో అద్దినది. మొదటిది ఎండకు వెలసి ఇటుకవన్నెకు దిగును, రెండవది నిగనిగలాడును. ఇద్దరి బొమ్మలకు ఒకే సీసాలోని ఎరుపు పూసినచో అధికారికిని బంటునకును గల తారతమ్యము మాసిపోవును. బళ్లారి దండుప్రదేశమున వేసవిలో ఉన్నికోటు తొడిగి నిలిచిన సిపాయి భుజములమీద ఎరుపు ఎట్లుండునో, చంకల దగ్గర చెమట మరకలు ఎట్లుండునో ఆలోచించి వేసినవాడే చారిత్రకమైన రంగు వేసినవాడు. పట్టికలో నున్నది కొత్తకోటు. యుద్ధములో నున్నది ప్రాతకోటు.

సైనికుని వేషములోని చిన్న వివరము ఎంత పెద్దదో తెలియుటకు వేలూరు చాలును. 1805 నవంబరులో చెన్నపట్టణపు సేనకు క్రొత్త తలపాగ నిర్ణయింపబడెను. దాని ఆకారము టోపీని పోలినది. దానిపై తోలుతో చేసిన గుర్తు. కవాతునందు నొసట మతచిహ్నములు ధరింపరాదనియు, చెవిపోగులు పెట్టరాదనియు, గడ్డము తీసి మీసము ఒకే తీరున కత్తిరింపవలెననియు కట్టడి చేసిరి. 1806 జులై 10న వేలూరు కోటలో సిపాయిలు తిరుగబడిరి. ఆర్కాటునుండి గిలెస్పీ అశ్వదళముతో వచ్చి ఆ దినమే అణచివేసెను. వందలకొలది సిపాయిలు ప్రాణములు కోల్పోయిరి. తిరుగుబాటునకు ఇతర కారణములును కలవు. కోటలో నివసించుచున్న టిప్పు కుటుంబమువారి ప్రమేయమును గూర్చి చరిత్రకారులు చర్చించిరి. కాని నిప్పు అంటుకొన్నది తలపాగవద్దనే. పిదప ఆ ఉత్తరువు రద్దయ్యెను. సేనాధిపతి క్రాడొక్, గవర్నరు బెంటింకు 1807లో వెనుకకు పిలువబడిరి.

ఇరువదియెనిమిది మిల్లీమీటరుల సిపాయి బొమ్మ నొసట సూదిమొనంత తెల్లనామము పెట్టవలెనా, వలదా అను ప్రశ్న చూచుటకు అల్పము. 1806 వసంతమున వేలూరు కవాతుమైదానమున నిలిచిన సిపాయిగా ఆ బొమ్మను చూపినచో, ఆ చుక్క ఉండుటకును లేకుండుటకును నడుమ మనుష్యుల ప్రాణములున్నవి. చెవిపోగు, మీసపు కత్తిరింపు, తలపాగ ఆకారము అన్నియు తేదీని బట్టి మారవలెను. అలంకారమని తలచి ఇష్టము వచ్చినట్లు వేయువాడు, తెలియకయే ఆ సిపాయిల మనవిని కొట్టివేసిన అధికారుల వరుసలో నిలుచును.

ఈ విమర్శ అంతయు చారిత్రకమని చెప్పుకొను ప్రతిమలకే. కొండపల్లి బొమ్మకు, కిన్నాళ బొమ్మకు ఇది వర్తింపదు. పొనికి చెక్కను చెక్కి, చింతగింజల ముద్దతో అతికి, సున్నము పూసి రంగు వేసిన కొండపల్లి అంబారీ ఏనుగు మావటీని ఏ శతాబ్దపువాడవని అడుగరాదు. అతడు బొమ్మల కొలువు కాలమువాడు. హంపికి చేరువనున్న కిన్నాళ చిత్రగారులు తమ పూర్వులే విరూపాక్షాలయపు చిత్రములు వేసిరని చెప్పుకొందురు. వారి ఎరుపు పసుపులు రూఢివర్ణములు. వారిని చరిత్రపట్టికతో పరీక్షించుట ఎంత అనుచితమో, వారి రంగులను తెచ్చి ఇవియే రాయల సేన రంగులని యుద్ధక్రీడలో నిలుపుటయు అంతే అనుచితము.

అయినను పనితనము విషయమున వారివద్ద నేర్వదగినది చాల కలదు. ఐరోపీయ పద్ధతిలో ముందు మూలవర్ణము పూసి, మడతలలోనికి పలుచని ముదురురంగు పారించి, ఎత్తైన చోట్ల లేతరంగు దిద్దుదురు. చిన్న వస్తువుపై ఏ రంగైనను ఉన్నదానికంటె ముదురుగా కనబడును గనుక మూలవర్ణమునే కొంత పలుచన చేయుదురు. ఇది మంచి పద్ధతియే. కాని లేపాక్షి చిత్రకారుడును, తోలుబొమ్మలు చేయువాడును మరియొక మార్గమును ఎరుగుదురు: నిండురంగు, దానిచుట్టు నల్లని గీత. దూరమునుండి, మసకవెలుతురులో, కప్పుమీదనో తెరమీదనో చూడవలసిన రూపములకు వారు దీనిని పెంపొందించిరి. బల్లమీద మూరెడు దూరమునుండి చూచు చిట్టి బొమ్మకు ఇది మిక్కిలి తగినది. విజయనగర సేనకు ఆ సేన కాలపు చిత్రరీతినే అనుసరించి నల్లగీతతో రంగు వేసినచో, వేషమేగాక చూపును కూడ ఆనాటిది కాగలదు.

రంగునకు ముందు ఆకారము కలదని మా కప్పగల్లు కొండలు చెప్పుచున్నవి. హిరేగుడ్డ నల్లరాళ్లమీద నవీనశిలాయుగమునాటినుండి మనుష్యులు రాతితో రాతిని కొట్టి ఎద్దులను, మనుష్యులను చిత్రించిరి. పందొమ్మిదవ శతాబ్దమునుండి పండితులు వీనిని ఎరుగుదురు. అందు పూసిన రంగు లేదు. దెబ్బ తగిలిన చోట రాయి లేతవన్నెకు మారుటయే రంగు. అయినను కొమ్ముల వంపును చూచి ఎద్దును, మూపురమును చూచి దాని జాతిని దూరమునుండియే గుర్తింపవచ్చును. బొమ్మకు కుల్లాయి ఎత్తు తప్పినచో ఎంత మంచి ఎరుపు పూసినను అతడు విజయనగరమువాడు కాజాలడు. రంగు పరీక్షకు దిగకముందే, బొమ్మ పోత సరిగా నున్నదా యని ఈ ఎద్దులను చూచినట్లు చూడవలెను.

పై విచారమువలన కొన్ని నియమములు తేలుచున్నవి. గుడ్డ ఎవరిచ్చిరో తెలిసికొనక ఏకవర్ణము పూయరాదు. శిలను ఆకారమునకును, కుడ్యచిత్రమును నమూనాకును, అద్దకమును వన్నెకును, యాత్రికుని వైవిధ్యమునకును ప్రమాణముగా గ్రహింపవలెను. స్థలము ప్రాతదని చిత్రము ప్రాతదనరాదు. మతమును, నేటి భాషారాష్ట్రములను బట్టి రంగులు పంచరాదు. తేదీ లేని బొమ్మకు రంగు లేదు. అన్నిటికి మించి, ప్రతి దళమువెంట చిన్న చీటీ యుంచి, ఏ రంగు ఏ సాక్షినుండి వచ్చినదో, ఏది ఊహయో వ్రాయవలెను. మంచి పరిష్కర్త అధస్సూచికలో చేయు పని ఇదియే. దానివలన బొమ్మ అందము తగ్గదు. తరువాతివాడు దిద్దుటకు వీలగును.

మన తెలుగు సంఘములు ఈ విషయమున చేయదగిన పని ఒకటి కలదు. లేపాక్షి కప్పులమీది రంగులు కాలమునకు మాసిపోవుచున్నవి. మా కొండల చిత్రములకు రాతిగనులవలన కొంత నష్టము ఇదివరకే కలిగినది. లేపాక్షి, హంపి చిత్రములలోని వేషములను ఒక్కొక్కదానిని వేర్వేరుగా వర్ణపటముతో సహా ఛాయాచిత్రములు తీయించి, తెలుగు కన్నడములు రెండింటిలోను వివరణములు వ్రాయించి, కుల్లాయి, కబాయి, దట్టి, తలపాగ అను పేర్లతో ఒక సంపుటముగా ప్రకటించినచో, సముద్రముల కావల బొమ్మలకు రంగు వేయువాడును, మా సరిహద్దు బడులలో రాయలను గీచు బాలుడును ఒకే గ్రంథమును చూడగలరు. ఇందుకు పెద్ద ధనము అక్కరలేదు. రెండు రాష్ట్రముల తెలుగు ఉపాధ్యాయులు నలుగురు, ఒక చిత్రకారుడు, ఒక అద్దకపు పనివాడు కలిసి ఒక వేసవి శ్రమించిన తొలిభాగము సిద్ధము కాగలదు. అందు మొదటి పుటలో లేపాక్షి దాతల కుల్లాయిలు ఉండవలెనని నా మనవి.